గాలిమరను నమ్మిన కొలతలు

టోర్కెల్ వాళ్ల ఆవిరిగదిలో ఎవరైనా స్నానం చేసి ముప్పై ఏళ్లు దాటింది. పొయ్యి మీద అట్టపెట్టెలు, బల్లల మీద అట్టపెట్టెలు, తలుపు తీస్తే కాళ్ల మీద పడే అట్టపెట్టెలు. వాటి నిండా ఉన్నది మా దీవిలోని హుల్తెబోరి కోట. కోటంటే బురుజులూ అవీ కాదు. సున్నపురాళ్లు పేర్చి గుండ్రంగా కట్టిన పాత గోడ, లోపల పదిహేను వందల ఏళ్ల నాటి ఇళ్ల పునాదులు, వాటి మీద మేస్తూ గొర్రెలు. టోర్కెల్ వయసులో ఉండగా ఆ కోటను కొన్ని వేసవులు వరసగా తవ్వాడు. పటాలు, కొలతలు, ఫొటోలు అన్నీ ఇంటికి తెచ్చుకున్నాడు. పుస్తకం రాస్తున్నాను, అయిపోగానే ఇచ్చేస్తానన్నాడు. ఆ పుస్తకం ఇప్పటికీ అయిపోతూనే ఉంది.

నా పేరు హెడ్విగ్. జిల్లా మ్యూజియంలో నా పని ఇలాంటి పెట్టెల్ని ఇలాంటి మనుషుల చేతుల్లోంచి లాక్కోవడం. పాత తవ్వకాల కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, ఎవరు కావాలంటే వాళ్లు ఉచితంగా తీసుకునేట్టు బయట పెడతాం. పేరుకి మ్యూజియం ఉద్యోగమే గానీ నిజానికి నేను చేసేది బతిమాలే పని. బతిమాలడం నాకు చేతకాదు. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. తవ్వినవాడు చచ్చిపోయి, కాగితాలకి బూజు పట్టి, చివరికి మనవలు చెత్తబండిలో వేసిన తవ్వకాలు ఎన్ని చూశానో. నేలని ఒక్కసారే తవ్వగలం. తవ్వాక మిగిలేది ఆ కాగితాలే. వాటిని దాచుకున్నవాడు కోటను రెండోసారి పాతిపెట్టినట్టే.

టోర్కెల్ దాచుకోవడానికి కారణం దీవి అంతటికీ తెలుసు. కోటలో జనం ఏడాది పొడవునా కాపురం ఉన్నారని ఆయన వాదం. మిగతా పండితులు కాదన్నారు. శత్రువులు వచ్చినప్పుడు దూరి దాక్కునే చోటు తప్ప అక్కడ ఊరేమీ లేదన్నారు. ఊరుంటే నీళ్లేవి, బావి చూపించమన్నారు. ఒక వేసవిలో టోర్కెల్ పొడవాటి ఇనుప బరమాతో నేలలో రంధ్రాలు వేయిస్తుంటే ఒకచోట నల్లటి తడిమట్టి పైకొచ్చింది. బావి దొరికిందని పేపర్లో వేయించాడు. ఆ చలికాలం గొర్రెలు గుర్తుకర్రల్ని పడదోసినా ఆయన కంగారు పడలేదు, కొలతలున్నాయి కదా అనుకున్నాడు. తరువాతి వేసవి అందరినీ పిలిచి, కొలతల ప్రకారం సరిగ్గా అక్కడే తవ్వించాడు. జానెడు మట్టి కింద బండరాయి తగిలింది. చుట్టూ వెడల్పు చేసి తవ్వినా బండే. ఆ రోజు నుంచి ఆయన పేరు బావి టోర్కెల్. కిరాణా కొట్లో కూడా అలాగే పిలిచేవాళ్లు, ఆయన వినేట్టుగా.

రెండేళ్ల కిందట సెప్టెంబరులో నేను మళ్లీ వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య బొతిల్దా ఆ రోజు క్రోప్‌కాకా వండింది. బంగాళదుంప ముద్దలో పందిమాంసం కూరి ఉడికించే ఆ వంటకాన్ని ఆవిడ చేసినట్టు ఈ దీవిలో ఇంకెవరూ చేయలేరు. బొతిల్దా పళ్ల డాక్టరుగా పనిచేసి రిటైరైంది. ఎదుటివాడు నోరు తెరిచేదాకా వదలని అలవాటు మాత్రం ఆవిడని వదల్లేదు.

టోర్కెల్ ఎప్పటి పాటే పాడాడు. కాగితాలు గందరగోళంగా ఉన్నాయి, కొలతల్లో కొన్ని ఒకదానికొకటి పొసగవు, ఒక్క చలికాలం గడువిస్తే సర్ది, శుభ్రం చేసి, తేడాలు సరిచేసి ఇస్తానన్నాడు. ముప్పై చలికాలాలుగా ఇదే మాట. నేను చెంచా కింద పెట్టేశాను. సర్దొద్దు, ఉన్నవి ఉన్నట్టే కావాలి, మురికితో సహా కావాలి అన్నాను.

ఆయన కిటికీ వైపు తిరిగాడు. తరువాత చెప్పింది విని నాకు కోపం ఎటు పోయిందో తెలీదు.

"నీకు అర్థం కాదు హెడ్విగ్. ఎవడో ఒకడు ఆ లెక్కలు తీసి చూస్తాడు. ఈ ముసలాడికి కొలవడం కూడా రాదురా అంటాడు. నాకు ఎనభై ఒకటి. పోయే ముందు ప్రపంచం అంతటి చేతా నవ్వించుకోమంటావా?"

వెంటనే బొతిల్దా అందుకుంది. "దీవి అంతా ఎప్పుడో నవ్వేసింది కదయ్యా. ఇంక కొత్తగా నవ్వేదెవరు, కొంగలా? ఇదిగో చెప్తున్నా, శనివారం నేను ఆవిరిగది పొయ్యి వెలిగిస్తాను. పెట్టెలు లోపలుంటే లోపలే ఉంటాయి. తరవాత నీ ఇష్టం."

ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి. శుక్రవారం నేను వ్యాను తీసుకుని వెళ్లాను. టోర్కెల్ ఒక్కో పెట్టెనూ తనే మోసుకొచ్చి వ్యానులో పెట్టాడు, నన్ను ముట్టుకోనివ్వలేదు. చివరి పెట్టె పెట్టాక దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. అప్పగింతల్లో తండ్రిలా ఉన్నాడని నవ్వొచ్చింది, అంతలోనే కళ్లలో నీళ్లూ వచ్చాయి.

ఆ చలికాలమంతా వాటిని కంప్యూటర్లోకి ఎక్కించాం. ఏదీ సరిచేయలేదు. ఏ రోజు ఏ మనిషి ఏ చుక్కని కొలిచాడో, ఎంత కోణం రాశాడో అంతా అలాగే. పటం మీద చూస్తే నిజంగానే గందరగోళం. ఒక వేసవిలో కొలిచిన ఇళ్లు తిన్నగా ఉంటే మరో వేసవిలోవి తాగినవాళ్లలా పక్కకి ఒరిగి ఉన్నాయి. టోర్కెల్ అప్పట్లో దానికీ ఒక సిద్ధాంతం అల్లాడు. ఉత్తరపు గాలికి వీపు తిప్పి కట్టుకున్నారని చాలా గంభీరంగా ఉపన్యాసం ఇచ్చేవాడు. మార్చిలో అన్నింటినీ బయట పెట్టేశాం.

చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. టోర్కెల్ మాత్రం చెవిలో జోరీగలా ఫోన్ చేసేవాడు, ఎవరైనా చూశారా, ఏమైనా అన్నారా అని. ఎవరూ ఏమీ అనలేదంటే ఊపిరి వదిలిన చప్పుడు వినిపించేది.

తరువాత ఎస్టోనియా నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసినావిడ పేరు మైము. టార్టులో హైస్కూలు పిల్లలకి లెక్కలు చెబుతుంది. పుస్తకంలో లెక్కలంటే పిల్లలు ఆవులిస్తున్నారని, మా మ్యూజియం పెట్టిన అంకెలు దించుకుని క్లాసులో వాడుకుంటోంది. ఒరిగిన ఇళ్లని తిన్నగా నిలబెట్టండి చూద్దాం అని పిల్లలకి పందెం పెట్టింది. వాళ్లు నిలబెట్టారు. చిత్రమేమిటంటే, ఇళ్లు వేటికవి ఒరగలేదు. ఒక్కో వారం కొలిచిన చుక్కలన్నీ కలిసికట్టుగా, పళ్లెంలో పెట్టి తిప్పినట్టు, ఒకే చోటు చుట్టూ ఒకే కోణంలో తిరిగి ఉన్నాయి. ఆ చోటు కోణాలు కొలిచే యంత్రం నిలబెట్టిన రాయి. మనుషులు చేసే పొరపాట్లు ఇంత పద్ధతిగా ఉండవు, అక్కడ ఏదో కదిలింది, ఏమిటది అని మైము అడిగింది.

నేను కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చున్నాను. ఆ యంత్రంతో పనిచేసేవాళ్లు పొద్దున్నే మొదట కదలని గుర్తు ఒకదాని వైపు చూసి అక్కడ సున్నా పెట్టుకుంటారు. ఆ రోజు కోణాలన్నీ ఆ సున్నా నుంచే. గుర్తు కదిలితే లోకమంతా దానితో పాటు తిరిగిపోతుంది. కాబట్టి గుర్తు దేని మీద పెట్టారో తెలియాలి. టోర్కెల్‌కి ఫోన్ చేశాను.

గుర్తు దృఢమైన చోటే పెట్టామని ఆయన కొంచెం చిరాగ్గానే చెప్పాడు. పొలంలో పాతితే గొర్రెలు పీకేస్తున్నాయని, తనే స్వయంగా, రెండు వందల ఏళ్లుగా చెక్కుచెదరని కట్టడం చూసి మేకు కొట్టాడట. కోట పక్కనున్న గాలిమర, దాని మెట్ల చివర.

నేను ఈ దీవిలో పుట్టినదాన్ని. మా గాలిమరలు ఒకే లావుపాటి స్తంభం మీద కూర్చుని ఉంటాయి. గాలి ఎటు వీస్తే అటు మొహం పెట్టాలి గనక మొత్తం మరని, మెట్లతో సహా, వెనక పొడుచుకొచ్చిన తోకకర్ర పట్టి తిప్పుతారు. టోర్కెల్ రాజధానిలో పుట్టాడు. నలభై ఏళ్లుగా ఇక్కడే ఉన్నా ఆయన చూపెప్పుడూ నేలకి మూరెడు కింద ఉండేది.

ఫోన్లో చెప్పే విషయం కాదనిపించి అవతలి ఒడ్డున ఉన్న మ్యూజియం నుంచి వంతెన దాటి దీవిలోని వాళ్లింటికి వెళ్లాను. ఇద్దరినీ వంటింట్లో కూర్చోబెట్టి, మైము ఉత్తరం చదివి వినిపించి, మేకు సంగతి చెప్పాను. బొతిల్దా కాఫీ కప్పు దించి మొగుడి వైపు తిరిగింది.

"మా నాన్న మర మీద మేకు కొట్టావా?"

ఆ మర వాళ్ల నాన్నది. గాలి మారినప్పుడల్లా ట్రాక్టరుకి తోకకర్ర కట్టి తిప్పకపోతే రెక్కలు విరిగిపోతాయి. ఆ వేసవుల్లో తిప్పింది పళ్ల డాక్టరు చదువు చదువుతూ సెలవులకి ఇంటికొచ్చిన బొతిల్దా. పొద్దున్నే, తవ్వేవాళ్లు రాకముందే తిప్పి, వాళ్లు వచ్చేదాకా మెట్ల మీద కూర్చునేదట.

"ఎందుకు కూర్చునేదాన్నంటావు? ఉప్సాలా యూనివర్సిటీ నుంచి వచ్చిన ఒక పొడుగాయన తలెత్తి చూస్తాడేమోనని. ఆయన చూసేవాడు, యంత్రంలోంచి. నన్నే చూస్తున్నాడని మురిసిపోయాను. మేకుని చూసేవాడా?"

టోర్కెల్ తన కప్పులో చెంచా తిప్పాడు. "నిన్ను కూడా చూశాను" అన్నాడు చివరికి.

"నలభై ఏళ్లు నా పక్కన పడుకుని బావి ఏమైపోయిందని నిట్టూర్చావు. మర తిరుగుతుందా అని ఒక్కసారి అడిగితే నీ సొమ్మేం పోయింది?"

బొతిల్దా మొదట నవ్వు ఆపుకోవాలని చూసింది. ఆపుకోలేక బల్ల పట్టుకుంది. నేనూ అందుకున్నాను. టోర్కెల్ మా ఇద్దరినీ చూస్తూ, ఏడవాలా అని ఒక క్షణం ఆలోచించి, తనూ మొదలుపెట్టాడు. ముగ్గురం కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వాం. ఆ నవ్వు ఆగాక ఆయన చాలా మెల్లిగా అడిగాడు, అయితే ఆ తడిమట్టి నిజంగా ఎక్కడిదని.

అదే లెక్క మిగిలింది. బరమా వేసిన వారం మర ఎటు తిరిగి ఉందో తెలిస్తే చాలు. మైము క్లాసు పిల్లలు ఇళ్ల గోడలు అతికించి ఒక కోణం చెప్పారు. సరిచూసుకోవడానికి నాకు ఇంకో దారి దొరికింది. దీవి దక్షిణపు కొసన దీపస్తంభం దగ్గర రోజూ గాలి కొలుస్తారు, ఆ కొలతల్ని వాతావరణశాఖ వాళ్లూ ఎవరైనా తీసుకోవచ్చని బయట పెట్టారు. ఆ వారం గాలి నైరుతి నుంచి వీచింది. మర నైరుతికి మొహం పెడితే మెట్లు ఈశాన్యానికి వెళతాయి. మేకు అక్కడుంటే వచ్చే కోణం, టార్టు పిల్లలు చెప్పిన కోణం ఒక్కటే. ఎవరో దీపస్తంభం మీద గాలి రాసిపెట్టారు, ఎవరో సముద్రానికి అవతల క్లాసులో గోడలు అతికించారు, ఒకరికొకరు తెలియదు. ఇద్దరూ ఒక గొర్రెల బీడులో ఒకే అడుగు నేలని వేలు పెట్టి చూపిస్తున్నారు.

ఆ చోటు చూసి టోర్కెల్ తల పట్టుకున్నాడు. ఆయన అప్పుడు తవ్విన గోతికి పక్కనే ఉంది. గోతిలోంచి తీసిన మట్టిని కుప్ప పోసింది సరిగ్గా దాని మీదే.

అనుమతి కాగితాలు రావడానికి ఆలస్యమై, తవ్వకం మరుసటి ఏడాది జూన్‌లో మొదలైంది. మైముని రమ్మన్నాం. తన క్లాసు పిల్లలందరినీ తీసుకురాలేను గానీ నేనొస్తానని పడవెక్కి వచ్చింది. పొట్టిగా, గట్టిగా నవ్వే మనిషి. టోర్కెల్‌తో చేయి కలుపుతూనే ఇళ్లు గాలికి వీపు తిప్పిన ఉపన్యాసం సంగతి అడిగింది. నేను చచ్చాననుకున్నాను. ఆయన మాత్రం ఆ ఉపన్యాసం మొత్తం, చేతులు తిప్పుతూ, మొదటి నుంచి చివరిదాకా ఆవిడకి చెప్పి వినిపించాడు. ఈసారి నవ్వులాటగా. ఆ ఉపన్యాసంలో నవ్వొచ్చే చోట్లు ఇన్ని ఉన్నాయని అప్పటిదాకా తెలియదు.

ఊళ్లోవాళ్లు కూడా వచ్చారు. ఈసారి ఏం తగులుతుందో చూద్దామని వచ్చినవాళ్లే ఎక్కువ. గడ్డి ఒలిచి, పలుచగా మట్టి గీసుకుంటూ పోతుంటే మొదటి రోజు ఏమీ లేదు. టోర్కెల్ మడత కుర్చీలో కూర్చుని టోపీని ముక్కు మీదికి లాక్కున్నాడు. జనం వైపు చూడటం లేదు. నాకూ భయం పట్టుకుంది. మళ్లీ బండ తగిలితే ఈ మనిషిని ఏ మొహం పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లను? అట్టపెట్టెలు లాక్కొచ్చింది నేనే కదా.

రెండో రోజు మధ్యాహ్నం మట్టి రంగు మారింది. నల్లబడింది. దాని అంచున ఒక రాయి, పక్కన ఇంకో రాయి, వాటి పక్కన ఇంకొకటి. వరస వంపు తిరుగుతోంది. చీపురుతో ఊడుస్తూ పోతే రాళ్లు చుట్టూ తిరిగి మొదటి రాయిని కలుసుకున్నాయి. లోపలి మట్టిని తట్టలు తట్టలుగా తీశాం. నడుముల్లోతుకి వచ్చేసరికి అడుగున చెమ్మ మెరిసింది. చూస్తుండగానే అరచేతిలో పట్టేన్ని నీళ్లు చేరాయి. టోర్కెల్ కుర్చీలోంచి లేచి, మోకాళ్ల నొప్పిని కూడా మరిచి నేల మీద బోర్లా పడుకుని, చెయ్యి చాచి ఆ నీళ్లలో వేళ్లు పెట్టాడు. అలా ఉండిపోయాడు. లేవలేకపోతున్నాడేమోనని బొతిల్దా వెళ్లి వంగింది. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆయన వెక్కివెక్కి ఏడుస్తున్నాడు, సంతోషంతో, చిన్నపిల్లాడిలాగా.

తరువాత ఆయనే లేచి, మోచేతులకి మట్టితో, జనం ముందు నిలబడి మర కథంతా చెప్పాడు. ఎవరూ అడగలేదు. కిరాణా కొట్టు ముసలమ్మ అందరికంటే గట్టిగా నవ్వి, అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది.

వారం తిరక్కుండా ఆయన మ్యూజియానికి వచ్చాడు. నేను సరిచేసిన కొలతల్ని బయట పెడుతున్నాను. పాతవి, తప్పువి, జనానికి కనపడకుండా లోపలి అరలోకి తోసేద్దామనుకుంటున్నాను. ముసలాయన పరువు కాపాడుతున్నానని నా ఉద్దేశం. ఆ మాటే ఆయనతో అన్నాను.

టోర్కెల్ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. "ఒక్కటి చెప్పు. నేను ఆ చలికాలం గడువు తీసుకుని, అన్నీ సర్ది, ఒరిగిన ఇళ్లని నా బుద్ధికి తోచినట్టు తిన్నగా చేసి నీకు ఇచ్చి ఉంటే, ఆ టీచరమ్మకి ఏం కనపడేది?"

"ఏమీ కనపడేది కాదు."

"బావి అక్కడే ఉండేది, నా మట్టికుప్ప కింద. నేను పోయేదాకా, నువ్వు పోయేదాకా. దాన్ని పట్టిచ్చింది నా తప్పే తల్లీ. తప్పుని దాచేస్తే ఎలా? పక్కపక్కనే పెట్టు. ఇది తప్పు, ఇది ఒప్పు అని రాయి. కింద నా పేరు వెయ్యి. పెద్ద అక్షరాలతో."

రాశాను. మేకు, మర, గాలి, అన్నీ. అచ్చుతప్పులుంటాయేమోనని ఆయన రెండుసార్లు చదివించుకున్నాడు. బయటికి పంపే మీట తనే నొక్కుతానని పట్టుబట్టి, ఒంటి వేలితో, డోర్‌బెల్ నొక్కినంత గట్టిగా నొక్కాడు.

ఇప్పుడు ఆయన బతికుండగా ఆ పుస్తకం అవుతుందని నేననుకోను, ఆయనకీ ఆ బెంగ ఉన్నట్టు లేదు. పోలండ్‌లో ఒకాయన ఆ కోటలోని గొర్రె ఎముకల లెక్కలు తీసుకున్నాడు, ఐస్‌లాండ్‌లో ఒకమ్మాయి పొయ్యిల ఫొటోలు దించుకుంది. టోర్కెల్ మాత్రం రోజూ పొద్దున్నే నాకు కాఫీ పడకముందే ఫోన్ చేస్తాడు.

"ఎవరైనా ఇంకో తప్పు పట్టుకున్నారా?"

లేదని చెప్తే, పాపం, చాలా నిరుత్సాహపడతాడు.